తాతయ్య ట్రంకుపెట్టెలో అగ్నిగుండాల రాళ్లు: ఇది వెయినా, పొరల్లో పుట్టిన ఖనిజమా?

పల్నాటి_పిల్ల అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది ఈపూరు మండలం. ఎమ్మెస్సీ జియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా తాతయ్య పల్నాడులో అగ్నిగుండాల అన్న ఊరి పేరుతో పిలిచే ఖనిజాల పట్టీలో (బెల్ట్‌లో) ఉన్న బండ్లమోటు సీసం గనిలో, లోపల పని చేశారు. గని మూసేశాక ఊళ్లో రెండెకరాల మిరప వేసుకుని బతికారు. మూడేళ్ల కిందట పోయారు. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే ఆయన ట్రంకుపెట్టె అడుగున పాత తువ్వాలులో చుట్టిన రెండు రాళ్లు దొరికాయి.

మొదటిది పిడికిలంత ఉంది. తీసుకోగానే చెయ్యి కిందికి జారింది, అంత బరువు. మా నాన్న మిరపకాయల కాటా మీద పెడితే కిలోన్నరకి కాస్త తక్కువ తూగింది. బూడిద రంగు రాయి, అందులో అద్దం పెంకుల్లా మెరిసే గెలీనా, అంటే సీసపు ఖనిజం. చాలావరకు సన్నని వరసల్లో, రాతి పొరలతో పాటే సాగింది. ఒక్క చోట మాత్రం చిటికెన వేలంత మందాన ఒక చార ఆ వరసలన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోయింది. ఆ చారలో గెలీనాతో పాటు తెల్లటి పలుగురాయి, రెండు మూడు ఇత్తడి రంగు చుక్కలు ఉన్నాయి.

రెండోది డ్రిల్లింగ్ కోర్ ముక్క, అంటే బోర్ వేసి లోపలి నుంచి తీసిన రాతి కడ్డీ ముక్క. జానెడు పొడవు, నిలువునా సగానికి కోసి ఉంది. ఎక్కువ భాగం తెల్లటి గట్టి రాయి. ఇత్తడి రంగు గింజలు చెదురుగా ఉన్నాయి, ఒక చివర పచ్చగా చిలుం పట్టింది. పెయింటుతో రాసిన అంకెలు సగం చెరిగిపోయాయి.

నా సందేహం ఇదీ. క్లాసులో అగ్నిగుండాల ఖనిజం పొరలకు కట్టుబడి ఉంటుందని చెప్పారు. నా చేతిలో ఉన్న రాయిలో మాత్రం పొరల్ని కోసిన చార కళ్లకు కడుతోంది. మరి దీన్ని వెయిన్ (పొరల్ని కోసిన పగుళ్లలో నిండిన ఖనిజం) అనాలా, వద్దా? ఒకే బెల్ట్‌లో పక్కపక్కనే ఉన్న కొండల్లో నల్లకొండలో రాగి, బండ్లమోటులో సీసం, ధూకొండలో రెండూ ఎందుకున్నాయి? ఇందులో వెండి ఉంటుందా? డిసర్టేషన్‌కి ఈ బెల్ట్‌నే తీసుకోవాలని ఉంది.

ఇంకో మాట. తాతయ్య ఎప్పుడూ అనేవారు, "నల్ల పలకరాయి తగిలిందంటే సీసం సరిహద్దు వచ్చినట్టేనమ్మా" అని. నేను చిన్నదాన్ని, ఎందుకని అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.


మిల్లు_కాలనీ జవాబు:

చెల్లెమ్మా, మా నాన్న అదే గని మిల్లులో ఫ్లొటేషన్ సెక్షన్‌లో చేశారు. మీ తాతయ్య లోపల తవ్వి పంపిన రాయిని పిండి చేసి, నీళ్లలో కలిపి, రసాయనం వేసి గాలి ఊదేవారు. నీళ్ల కంటే ఏడు రెట్లు బరువున్న సీసపు ఖనిజం బుడగలకు అంటుకుని పైకి తేలి వచ్చేది, పనికిరాని తేలిక రాయి అడుగున ఉండిపోయేది. చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. తొట్టి అంచు మీద నుంచి నల్లటి నురగ పొర్లుతోంది, దాని మీద వెండి జిగి. ఇంటికొచ్చి బరువైనది పైకి ఎలా తేలుతుంది నాన్నా అని అడిగితే, బుడగ పట్టుకున్నది సీసం ఒంటినిరా, బరువుని కాదు అన్నారు.

ఆ నురగతో వచ్చిన సీసపు పిండిని ఆరబెట్టి విశాఖ స్మెల్టర్‌కి పంపేవారు. మా అమ్మ నాన్న బట్టల్ని మా బట్టలతో కలిపి ఎప్పుడూ ఉతకలేదు. రాతి సంగతి పెద్దవాళ్లు చెబుతారు. మీ తాతయ్య ఆ రాళ్లు ఊరికే దాచుకుని ఉండరు, అంతవరకు నేను చెప్పగలను.


కోర్‌బాక్స్ జవాబు:

అమ్మా, నేను ఈ బెల్ట్‌లో నాలుగు ఫీల్డ్ సీజన్లు పనిచేశాను. రిటైరై చాలా ఏళ్లయింది. నీ ప్రశ్న చదివాక పాత నోటుబుక్కులు దింపి కూర్చున్నాను, అందుకే జవాబు ఆలస్యం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు మీ తాతగారి మాట. నీ డిసర్టేషన్‌కి తలకాయ అదే. నల్ల పలకరాయి అని ఆయన అన్నది ఫిల్లైట్‌ని. ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న బురద అది. దాని పక్కనే ఉన్న డోలమైట్ సున్నపు బురద, క్వార్ట్జైట్ ఇసుక. మూడూ కడప బేసిన్‌లో, నల్లమల గ్రూపులోని కంభం ఫార్మేషన్ అనే రాతి పొరల సముదాయానికి చెందినవి. వంద కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న బేసిన్ ఇది. జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1872లో దీని మీద పెద్ద నివేదిక రాసి, నల్లమల అన్న పేరుతో ఒక గ్రూపును విడదీశాడు. ఈరోజు మనం వాడే పేర్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఇప్పుడు వేడి ఉప్పునీళ్లు ఈ పొరల్లో తిరుగుతున్నాయనుకో. ఉప్పులోని క్లోరిన్ రాగినీ సీసాన్నీ పట్టుకుని మోసుకెళ్తుంది. ఇసుక పొరలో, పగుళ్లలో నీళ్లకు దారి దొరుకుతుంది. బురద పొర మూతలా అడ్డుపడుతుంది. డోలమైట్ ఊరుకోదు, నీళ్లలోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆమ్లం విరగ్గానే సీసం నీళ్లలో నిలవలేదు, గంధకంతో కలిసి గెలీనాగా అక్కడికక్కడే దిగిపోతుంది. అందుకే సీసం డోలమైట్‌లో, మూత దాకా. మూత తగిలితే అయిపోయినట్టే. మీ తాతగారు బారుతో గుచ్చి కనిపెట్టిన సంగతే మేము సెక్షన్లు గీసి కనిపెట్టాం.

రాగి తీరు వేరు. నీళ్లు కొంచెం చల్లబడితే చాలు, రాగి ముందే వదిలేస్తుంది. సీసం ఇంకా చాలా దూరం ప్రయాణిస్తుంది. అందువల్ల నల్లకొండలో క్వార్ట్జైట్‌లోనే రాగి ఖనిజమైన చాల్కోపైరైట్ దిగింది, బండ్లమోటులో డోలమైట్ దాకా వచ్చి గెలీనా దిగింది. ధూకొండలో క్వార్ట్జైటూ డోలమైటూ ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటాయి, అక్కడ రెండు లోహాలూ కనిపిస్తాయి. ఒక్కో కొండకి ఒక్కో నీళ్లు వచ్చాయని అనుకోనక్కర్లేదు. ఏ రాతిలోకి వచ్చాయి, ఎంత చల్లబడ్డాక వచ్చాయి అన్నదే చూడాలి. ఈ బెల్ట్ గురించి నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. ఎక్కడికి వెళ్లినా లోహం పేరు కంటే ముందు రాతి పేరు రాసుకో.

ఇక నీ అసలు సందేహం. పొరలా, వెయినా? నా మటుకు నేను రెండూ అంటాను, కానీ ఒకదాని తర్వాత ఒకటి. మొదట ఖనిజం పొరల వెంట దిగింది. తర్వాత నల్లమల మొత్తం మడతలు పడింది, మీ ప్రాంతంలో వెల్లటూరు గ్రానైట్ చొరబడింది. ఆ ఒత్తిడికీ వేడికీ గెలీనా కదిలింది. గెలీనా ఎంత మెత్తనిదో నీకు తెలుసు, రాగి నాణెంతో గీస్తే గీత పడుతుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అదే ఒత్తిడికి పెంకుల్లా పగులుతుంది, గెలీనా మైనంలా సాగి పగుళ్లలోకి దూరుతుంది. కాబట్టి పొరల్ని కోసిన చార కనపడినంత మాత్రాన ఖనిజం మొదట అలాగే పుట్టిందని చెప్పలేం. నేను మొదటి సీజన్‌లో సరిగ్గా ఆ పొరపాటే చేశాను. నోటుబుక్కులో మూడు పేజీల నిండా "వెయిన్" అని రాసి, తర్వాత కొట్టేసి ఉంది.

నీ రాయిలోనే దీన్ని పరీక్షించొచ్చు. రాయిని తడిపి, పగటి వెలుతురులో, పది రెట్ల లెన్స్‌తో చార వరసని దాటే చోట చూడు. చార సరిగ్గా ఆ వరస దగ్గర ఉబ్బి, వరసలు లేని చోట సన్నబడిందా? చార పక్కన వరసలోని గెలీనా పలచబడిందా? అలా ఉంటే ఆ సీసం బయటి నుంచి రాలేదు, పక్క వరస నుంచే జారింది. పాలిష్డ్ సెక్షన్ (కోసి అద్దంలా నునుపు చేసిన ముక్క) చేయించగలిగితే ఇంకా మంచిది. గెలీనా మీద చిన్న చిన్న త్రికోణపు గుంటలు బారులు తీరి కనిపిస్తాయి. ఆ బారు తిన్నగా ఉంటే నలగని గెలీనా, విల్లులా వంగితే నలిగిన గెలీనా. మొదటిసారి మైక్రోస్కోప్‌లో ఆ వంపు చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. కొండ మడత పడిన సంగతి ఆ గోరంత ముక్కలోనూ ఉంది.

కోర్ ముక్క ఏ కొండదో తేల్చడానికి కాలేజీ ల్యాబ్‌లో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం అడుగు. డోలమైట్ మీద చల్లటి ఆమ్లం చుక్క వేస్తే మొదట ఏమీ జరగదు, చాలామంది అక్కడే మోసపోతారు. చాకుతో గీకి పొడి చేసి ఆ పొడి మీద వెయ్యి. సన్నగా బుసబుసమని పొంగితే డోలమైట్. పొడి కూడా కదలకపోతే క్వార్ట్జైట్, లేదా పలుగురాయి. ఇత్తడి గింజని కూడా చాకు మొనతో గీకు. గీత పడితే చాల్కోపైరైట్, చాకు జారిపోతే పైరైట్.

అన్వేషణ చరిత్ర నువ్వు అడగలేదు, అయినా రాస్తాను, ఎందుకంటే డిసర్టేషన్లలో దాన్ని ఒక్క పేరాలో తోసేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది. ఇక్కడ మొదటి అన్వేషకులు పేరు తెలియని మన కమ్మరులు, రాగి కరిగించినవాళ్లు. వాళ్లకి దారి చూపింది పచ్చ చిలుం, అంటే మాలకైట్. రాగి ఎండకీ వానకీ పచ్చబడి తానే చాటుకుంటుంది. సీసం అలా కాదు, పైన బూడిద తెలుపు పొర కట్టి మామూలు రాయిలా పడి ఉంటుంది, చేత్తో ఎత్తితే తప్ప బయటపడదు. పాత గుంతల పక్కన చిట్టెం (లోహం కరిగించాక మిగిలే మడ్డి) కుప్పలు చూశాను. ఒక ముక్క పగలగొడితే లోపల నల్లగా గాజులా ఉంది, అందులో బియ్యపు గింజంత పచ్చ మచ్చ. కొలిమిలోంచి జారిపోయిన రాగి అది, చిలుం పట్టింది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోట బాధ్యత చూసుకున్న డాక్టర్ బెంజమిన్ హేన్ 1814లో లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలో ఈ రాగి గనుల ప్రస్తావన చేశాడు. అగ్నిగుండాల అన్న ఊరి పేరు ఆ కొలుముల వల్లే వచ్చిందని మాకు క్యాంపులో చెప్పేవారు. వినడానికి ఎంత బాగున్నా దాన్ని డిసర్టేషన్‌లో రాయకు, గుండం పేరున్న ఊళ్లు మనకు చాలా ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక, 1960ల్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు మ్యాపింగ్, ట్రెంచులు, డ్రిల్లింగ్ చేసి మూడు కొండల్నీ విడివిడిగా అంచనా వేశారు. తర్వాత బండ్లమోటు సీసాన్ని హిందుస్తాన్ జింక్ తవ్వింది. 1991లో రాజస్థాన్‌లో పైనుంచే తవ్వే పెద్ద సీసం, జింక్ గని రాంపురా ఆగూచా మొదలయ్యాక, కొండ కింద చిన్న మోతాదులో తవ్వే గని ఖర్చులో దానితో పోటీ పడటం కష్టమే.

నాకు జరిగినది ఒకటి చెబుతాను. ఈ బెల్ట్‌లోనే ఇంకోచోట నేలలోకి కరెంటు పంపి చూసే విద్యుత్ సర్వేలో పెద్ద ఎనామలీ, అంటే చుట్టుపక్కలకి భిన్నమైన రీడింగ్, వచ్చింది. పైనున్న ఆఫీసుకి తొందర, వెంటనే బోర్ వెయ్యమన్నారు. ముందు ట్రెంచ్ తవ్వి రాయి చూద్దామని నేను కాగితం పెట్టాను, వినలేదు. రెండు నెలలు డ్రిల్ చేశాం. కోర్ బాక్సులు వరసగా తెరిచి నీళ్లు చల్లితే పెట్టె తర్వాత పెట్టె నల్లటి ఫిల్లైట్. వేలితో రుద్దితే పెన్సిల్ ముక్కులా మసి అంటింది. అందులోని కార్బన్ కూడా కరెంటుకి సల్ఫైడ్ (గంధకం కలిసిన లోహ ఖనిజం) లాగే స్పందిస్తుంది. సీసం ఒక్క గింజ లేదు. ఆ రాత్రి టెంట్‌లో మా డ్రిల్లర్ అన్నం తినలేదు. మీ తాతగారిలాంటి మనిషి ఒక్కరు మా పక్కన ఉంటే, నల్ల పలకరాయిలో సీసం ఏమిటయ్యా అని మొదటిరోజే అనేవారు.


అస్సే_ల్యాబ్ జవాబు:

వెండి గురించి నేను చెబుతాను. గెలీనాలో వెండి సాధారణంగా విడిగా కంటికి కనపడదు, స్ఫటికం లోపలే కొంత, సూక్ష్మమైన వేరే ఖనిజాల రేణువులుగా కొంత ఉంటుంది. రాయి మెరుపు చూసి ఎంతుందో ఎవరూ చెప్పలేరు. స్మెల్టర్‌లో కరిగిన సీసంలో జింక్ కలిపితే వెండి సీసాన్ని వదిలి జింక్‌తో పాటు పైకి తేలుతుంది, దాన్ని తెట్టులా తీస్తారు. మేము ల్యాబ్‌లో పాత పద్ధతిలోనే చేసేవాళ్లం. సీసపు గుండుని ఎముక బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలో ఉంచితే సీసం ఆక్సైడై గిన్నెలోకి ఇంకిపోతుంది, చివరికి ఆవగింజంత వెండి పూస మిగులుతుంది. చివరి సీసం పొర తొలగే క్షణంలో ఆ పూస తళుక్కుమంటుంది.

ఒక్క జాగ్రత్త అమ్మా. గీకిన పొడి ఊదొద్దు. వంటింట్లో అసలు గీకొద్దు. చేతులు సబ్బుతో కడుక్కో, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ రాయిని వాళ్లకి అందనివ్వకు. గెలీనా మీద ఆమ్లం కూడా వెయ్యకు, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషవాయువు వస్తుంది. బూడిద రాతి మీదే వెయ్యి, కిటికీ తీసి. పాత గుంతల్లోకి, సొరంగాల్లోకి దిగొద్దు, లోపలి గాలిని నమ్మలేం.


పల్నాటి_పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. ల్యాబ్‌లో మేడమ్ పక్కన ఉండగా చేశాను. మొదటి రాయి బూడిద భాగం మీద చుక్క వేస్తే నీళ్లు పోసినట్టే ఉంది. గీకి వేస్తే సార్ చెప్పినట్టే సన్నగా పొంగింది. చార వరసల్ని నాలుగు చోట్ల దాటుతోంది. మూడు చోట్ల సరిగ్గా వరస దగ్గరే ఉబ్బింది, మధ్యలో దారంలా సన్నబడింది. నాలుగో చోట మాత్రం ఉబ్బు లేదు.

కోర్ ముక్క తెల్ల భాగం గీకితే చాకుదే గీత పడింది, రాయికి ఏమీ కాలేదు, ఆమ్లానికి కదల్లేదు. ఇత్తడి గింజ మీద గీత పడింది. కాబట్టి నల్లకొండ అనేసుకున్నాను. కానీ తడిపి చూస్తే పచ్చ చిలుం లేని చివర అగ్గిపుల్ల మందాన రెండు బూడిద పట్టీలు కనపడ్డాయి. వాటిని గీకి చుక్క వేస్తే పొంగింది సార్.


కోర్‌బాక్స్:

అలాగైతే నల్లకొండ అని ఇప్పుడే రాయకు. క్వార్ట్జైట్ మధ్యలో డోలమైట్ పట్టీలు ఉన్నాయంటే ధూకొండ కావడానికి కూడా అంతే అవకాశం ఉంది. జానెడు ముక్కతో కొండ పేరు తేల్చడం సాహసం. పెయింటు అంకెల్ని సబ్బుతో గానీ ఆమ్లంతో గానీ తుడవకు. ఏటవాలు వెలుతురులో, రాయిని తడిపి ఒకసారి, ఆరాక ఒకసారి ఫొటో తీసి ఇక్కడ పెట్టు. బోర్ నంబరూ లోతూ రాసే పద్ధతి నాకు గుర్తుంది, సగం అంకె కనపడినా ప్రయత్నిస్తాను. బాణం గుర్తు ఏమైనా ఉందేమో కూడా చూడు. అది కిందివైపును చూపిస్తుంది, అప్పుడు పట్టీలు గింజలకి పైన ఉన్నాయో కింద ఉన్నాయో తెలుస్తుంది.

నాలుగో చోట ఉబ్బు లేదన్నావే, దాన్ని వదిలిపెట్టకు. మూడు చోట్లా నా మాట నిజమైందని సంతోషపడకుండా ఆ నాలుగో చోటనే పాలిష్డ్ సెక్షన్ కోయించు. అక్కడ గెలీనా గుంటల బారు వంగకుండా తిన్నగా ఉంటే, ఆ చార మడతలన్నీ అయ్యాక బయటి నుంచి వచ్చిందేమో అని నేను కూడా మళ్లీ ఆలోచించాలి.

ఎండలు ముదరక ముందే ఒక ఆదివారం బండ్లమోటు వైపు వెళ్లిరా. గని లోపలికి వద్దు. బొల్లాపల్లి వైపు రోడ్డు పక్కన డోలమైట్, ఫిల్లైట్ తాకే చోటు కనపడితే సుత్తి పక్కన పెట్టి ముందు చేత్తో తడిమి చూడు. ఒకటి గరుకుగా ఉంటుంది, ఇంకోటి నున్నగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది. మీ తాతగారికి లోపలి చీకట్లో సరిహద్దు చేతికి అలాగే తెలిసి ఉంటుంది. ఆ చోట పొరల డిప్, స్ట్రైక్ (వాలు, సాగే దిక్కు) కొలిచి పంపు, నా పాత మ్యాపుతో పోల్చి చూస్తాను.